మార్పులు చేసిన పోలో జీటీకి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంచాలా, తీసేయాలా?

నల్లగొండ జీటీ:

అందరికీ నమస్కారం. నా దగ్గర 2016 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఉన్నది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు). రెండేళ్ల క్రితం హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ లెక్క ప్రకారం 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఈ బండికి పాత యజమానే స్టేజ్ 1 రీమ్యాప్ (భాగాలు మార్చకుండా ఇంజను కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చి శక్తి పెంచడం) చేయించి ఉన్నాడు. దానితో సుమారు 130 పీఎస్ వస్తుందని కాగితం కూడా ఇచ్చాడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలే శబ్దం కూడా ఆ మ్యాప్‌లోనే పెట్టించాడు. నిజం చెప్పాలంటే బండి కొనడానికి ఆ శబ్దం కూడా ఒక కారణమే.

నా ఇబ్బంది ఏమిటంటే, నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే మీదికి ఎక్కినప్పుడు 4500 ఆర్‌పీఎం వరకు పికప్ బాగానే ఉండి, ఆ తరువాత ఎవరో వెనుక నుంచి పట్టుకున్నట్టు బండి బిగుసుకుపోతున్నది. నిరుడు ఇట్లా లేదు. హైదరాబాదులో ఒక ట్యూనర్‌కు చూపిస్తే, స్టేజ్ 2కు, అంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు పైపు కూడా మార్చే దశకు వెళ్లాలని, టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజనులోకి గాలి నెట్టే చక్రం) వెనుక ఉన్న, పొగను శుభ్రం చేసే డబ్బా అయిన క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) తీసేసి ఖాళీ డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను తీసుకుపోయే పైపు) వేస్తే గొంతు విడిచినట్టు పరుగెడుతుందని చెప్పాడు. ఖాళీ పైపుకు 18 వేలు, దారి వెడల్పుగా ఉండే క్యాట్ ఉన్న హై ఫ్లో పైపుకు 46 వేలు అడుగుతున్నాడు. ఖాళీ పైపు వేయించుకుంటే బిగింపు ఖర్చు ఉచితమని, పాత క్యాట్ తన దగ్గరే వదిలేయాలని, చెక్ ఇంజన్ లైటు రాకుండా సాఫ్ట్‌వేర్‌లో మూసేస్తానని, కాలుష్య పరీక్ష సర్టిఫికెట్ గురించి దిగులు అక్కరలేదని కూడా అన్నాడు.

ఈ బండి నేను రోజూ వాడేదే. అమ్మకు ఉబ్బసం ఉన్నది, నెలకొకసారి ఆమెను హైదరాబాదు ఆసుపత్రికి ఇందులోనే తీసుకుపోతాను. శక్తి పెరగాలన్న కోరిక ఉన్నది కాని, తెలియకుండా తప్పు చేయకూడదన్న భయమూ ఉన్నది. ఖాళీ పైపుతో నిజంగా ఎంత లాభం ఉంటుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

మిర్యాలగూడ షెడ్డు:

తమ్ముడూ, నేను 1994 నుంచి ఈ పనిలో ఉన్నాను. మీరు అడిగినది ఒక ప్రశ్నే అయినా మీ మాటల్లో రెండు బండ్లు కనబడుతున్నాయి. నిరుటి దాకా 6000 వరకు సాఫీగా తిరిగిన బండి ఒకటి, ఈ ఏడు 4500 దగ్గర బిగుసుకుపోతున్న బండి ఇంకొకటి. క్యాట్ అన్నది రెండింటిలోనూ ఉన్నది. అంటే బండిలో క్యాట్ ఉండటం వల్ల ఈ బిగింపు రాలేదు. మధ్యలో ఏదో చెడిపోయింది. చెడిపోయిన దానిని కనిపెట్టకుండా పైపు మార్చడమంటే, జ్వరం వచ్చిన మనిషికి చొక్కా మార్చినట్టే.

మొదట ఆ డబ్బాలో ఏమున్నదో చెబుతాను. లోపల తేనెపట్టు లాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. కంపెనీ బండ్లలో చదరపు అంగుళానికి 400 లేదా 600 వరకు సన్నని గదులు ఉంటాయి. ఆ గదుల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని అది కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను విడదీసి మామూలు నైట్రోజన్‌గా వదులుతుంది. ఈ మూడు పనులు ఒకేసారి జరగాలంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయే పాళ్లలో ఉండాలి. శుద్ధమైన పెట్రోలుకు ఆ పాలు 14.7కు 1. ఇప్పుడు మనం పోయిస్తున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు అది సుమారు 13.5కు 1 అవుతుంది. పూత పని మొదలుపెట్టాలంటే 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. అందుకే మీ బండిలో దానిని టర్బోను ఆనుకునే పెట్టారు, స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే వేడెక్కాలని.

ఇక మీరు ముచ్చటపడ్డ టపటప శబ్దం సంగతి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మామూలుగా అయితే కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. ఆ శబ్దం కావాలంటే పెట్రోలును ఆపకుండా పోస్తూ, స్పార్కును ఆలస్యంగా ఇస్తారు. ఇంజను లోపల కాలవలసినది పైపులోకి వచ్చి కాలుతుంది. మీ బండిలో టర్బో దాటగానే ఉన్నది ఎవరు? ఆ క్యాటే. వేడి వెయ్యి డిగ్రీలు దాటి పోతూ ఉంటే పూత పాడవుతుంది, ఆ మీద సిరామిక్ దిమ్మ అంచులు కరిగి గదులు మూసుకుపోతాయి. ఒక సిలిండర్‌లో స్పార్కు సరిగా పడకపోయినా ఇదే జరుగుతుంది, ఇంకా తొందరగా జరుగుతుంది. మీ బండిలో ఈ రెండింటిలో ఏదో ఒకటి, లేదా రెండూ జరిగి ఉంటాయని నా అనుమానం.

క్యాట్‌ను విషం పెట్టి చంపడం ఎట్లా ఉంటుందో నేను పని నేర్చుకునే రోజుల్లోనే చూశాను. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకు క్యాట్ తప్పనిసరి చేశారు, అక్కడి బంకుల్లో సీసం లేని పెట్రోలు పెట్టారు. దేశమంతటా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో. ఆ మధ్య ఏండ్లలో మద్రాసు రిజిస్ట్రేషన్ కారు ఎవరైనా ఇటు తెచ్చి మన బంకుల్లో సీసం పెట్రోలు పోయిస్తే, కొద్ది ట్యాంకులకే క్యాట్ చచ్చిపోయేది. అప్పుడు మా ఉస్తాద్ చేసిన పని రాడ్డుతో లోపలి తేనెపట్టును పొడిచి తీసి ఖాళీ డబ్బాను మళ్లీ బిగించడమే. ఆ పొడి పీల్చి మేము రోజంతా దగ్గేవాళ్లం. ఇప్పటికీ ఆ పని చేసేవారు ఉన్నారు; దయచేసి చేయించకండి. లావైన ఖాళీ డబ్బాలో పొగ సుడులు తిరుగుతుందే తప్ప వేగంగా పోదు.

ఇప్పుడు పరీక్ష. క్యాట్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌ను (పొగలో ఆక్సిజన్ ఎంత ఉన్నదో చూసేది) విప్పి, ఆ రంధ్రంలో తక్కువ ప్రెషర్ చూపే గేజ్ బిగించి, బండి వేడెక్కిన తరువాత నిలబెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర చూడాలి. క్యాట్ బాగుంటే ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ లోపు ఉంటుంది. మూడు దాటితే దారి మూసుకుపోయిందని మేము లెక్క వేస్తాము. అదే రంధ్రంలో నుంచి చిన్న కెమెరా పంపి దిమ్మ ముఖం చూడవచ్చు. గంట పని. సెన్సర్ విప్పేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండాలి, లేకపోతే మరలు కోసుకుపోతాయి. ఈ లెక్క చేతికి వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

పాత క్యాట్ తన దగ్గరే వదలమన్నాడని రాశారు. అందులోని లోహాల కోసం స్క్రాప్ వాళ్లు దానిని డబ్బు పెట్టి కొంటారు. బిగింపు ఉచితం ఎందుకయిందో ఇక మీరే ఆలోచించుకోండి.

జడ్చర్ల ఆక్టావియా:

నేను తీసేసి, మళ్లీ పెట్టించినవాడిని. కనుక రెండు వైపులా చెప్పగలను. నాది స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్ఐ, కంపెనీ నుంచి 180 పీఎస్ వచ్చే బండి. ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తకోట వరకు పోయి వస్తాను.

లాభం లేదని చెబితే అది అబద్ధమే అవుతుంది. టర్బో చక్రం తిరిగేది దాని ముందు ఒత్తిడికీ వెనుక ఒత్తిడికీ ఉన్న తేడాతో కనుక, వెనుక దారి సులువైతే టర్బో కొంచెం ముందుగా మేల్కొంటుంది. టర్బో లేని బండిలో ఇంత తేడా కూడా కనబడదు. కాని ఒకే రోజు, ఒకే డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) మీద నేను చూసిన కాగితాల ప్రకారం, స్టేజ్ 1 మ్యాప్‌తో వచ్చిన పెరుగుదలలో నాలుగో వంతు కూడా పైపుతో రాలేదు. స్టేజ్ 2 అని పెద్ద అంకె చూపించేటప్పుడు ఆ రెండింటినీ కలిపి చూపిస్తారు, మనం పైపు మహిమ అనుకుంటాము.

నష్టాల విషయానికి వస్తే, మొదటి వారంలోనే వాసన మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే, ఏసీ బయటి గాలి తీసుకునే పద్ధతిలో ఉంటే, కండ్లు మండేవి. డౌన్‌పైప్ అతుకు దగ్గర గ్యాస్కెట్ కొంచెం కారుతున్నదని మూడు నెలల తరువాత గాని తెలియలేదు. అప్పటిదాకా నా భార్య ప్రతి ప్రయాణం తరువాత తలనొప్పి అంటుంటే ఎండదెబ్బ అనుకున్నాను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనకు వచ్చే వాసన కాలని పెట్రోలుది మాత్రమే. క్యాట్ ఉన్న బండిలో దాని వెనుక అతుకు కారినా బయటికి వచ్చే పొగ చాలావరకు శుభ్రపడి ఉంటుంది. లేని బండిలో ఇంజను వదిలినది వదిలినట్టే వస్తుంది. మీ అమ్మగారికి ఉబ్బసం అని చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఇదే.

రెండోది, సాఫ్ట్‌వేర్‌లో లైటు మూసేయడం. క్యాట్ వెనుక ఉన్న రెండో ఆక్సిజన్ సెన్సర్ క్యాట్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 అనే కోడ్ పెట్టడానికి మాత్రమే లేదు. ముందు సెన్సర్ చెప్పే లెక్కలో చిన్న తప్పులు ఉంటే వాటిని సరిదిద్దడానికి కూడా కంప్యూటర్ దానిని వాడుకుంటుంది. దానిని గుడ్డిదాన్ని చేస్తే ముందు సెన్సర్ ముసలిదైన సంగతి ఎవరూ చెప్పరు. నా బండి ఆ కాలంలో లీటరుకు ఒక కిలోమీటరు తక్కువ ఇచ్చింది. కొందరు సెన్సర్ కింద స్పేసర్ (దానిని పొగకు దూరంగా ఉంచే చిన్న ముక్క) బిగించి దానిని మోసం చేస్తారు. అది కూడా ఇదే కథ.

ఎనిమిది నెలల తరువాత 200 గదుల మెటల్ క్యాట్ ఉన్న పైపు వేయించాను. సిరామిక్‌కు బదులు సన్నని లోహపు రేకుతో చేసిన దిమ్మ కావడంతో దారి వెడల్పుగా ఉంటుంది, వేడికి కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. ఖాళీ పైపుకూ దీనికీ రోడ్డు మీద నాకు తేడా తెలియలేదు. అయితే ఇది కూడా కంపెనీ క్యాట్ అంత శుభ్రం చేయదు. చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు నిమిషాలు వాసన ఉంటుంది, చౌక రకమైతే ఒకటి రెండేండ్లకే చెక్ లైటు వెలిగిస్తుంది.

ట్రాక్ ప్రియుడు:

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో మాట కూడా ఉండాలి. పోటీ కోసం మాత్రమే ఉన్న బండికి క్యాట్ అక్కరలేదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నా బండి గంటలో సగం సేపు రెడ్‌లైన్ (ఇంజను తిరగగలిగే గరిష్ఠ వేగం) దగ్గరే తిరుగుతుంది. ఆ వేడికి, పెట్రోలు పాలు ఎక్కువగా ఉన్న ఆ చిక్కటి మిశ్రమానికి కంపెనీ సిరామిక్ దిమ్మ ఎక్కువ కాలం నిలవదు, ముక్కలై వెనుక సైలెన్సర్‌ను కూడా మూసేస్తుంది. కాని నేను ఆ బండిని లారీ మీద ఎక్కించి తీసుకుపోతాను, రోడ్డు మీద నడపను. మీరు ఆసుపత్రికి తీసుకుపోయే బండికీ దానికీ పోలిక లేదు. మీ ట్యూనర్ ట్రాక్ బండి మాటను రోడ్డు బండికి చెబుతున్నాడు.

ఇంకొక సంగతి. మీ డీఎస్‌జీ పొడి క్లచ్ రకం, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు లెక్కగట్టి చేసినది. మీకు స్టేజ్ 1తోనే దానికి దగ్గరగా వచ్చి ఉంటుంది. పైపుతో ఇంకా ఎక్కువ వచ్చినా దానిని ఆ గేర్‌బాక్సు ఎన్నాళ్లు మోస్తుంది?

సూర్యాపేట వకీలు:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు, క్లుప్తంగా రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేటట్టు బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం, అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతున్నది. కాలుష్య ప్రమాణాలు తప్పిన బండి నడిపితే 190వ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దానితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత.

మీది భారత్ స్టేజ్ 4 (కాలుష్య ప్రమాణాల తరగతి) బండి. ఆ తరగతి పెట్రోలు బండ్లకు పరీక్షలో, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఊరికే తిరిగేటప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం దాటకూడదు. క్యాట్ లేని బండి నిజంగా పైపులో గొట్టం పెట్టి కొలిస్తే ఈ అంకెలను అందుకోవడం చాలా కష్టం. సర్టిఫికెట్ గురించి దిగులు అక్కరలేదని మీ ట్యూనర్ అన్న మాటకు అర్థం, బండిని కొలవకుండా కాగితం తెప్పిస్తానని. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేసిన మార్పును చూపించి బీమా కంపెనీ క్లెయిమ్ మీద పేచీ పెట్టవచ్చు. ఆ కాగితం అప్పుడు మిమ్మల్ని కాపాడకపోగా ఇంకొక నేరానికి సాక్ష్యమవుతుంది. జడ్చర్ల మిత్రునికి కూడా ఒక మాట: హై ఫ్లో క్యాట్ పెట్టించినంత మాత్రాన 52వ సెక్షన్ భయం పోయిందనుకోవద్దు. పొగ శుభ్రంగా ఉన్నంతవరకు దారిలో ఆపేవారు తక్కువ కావచ్చు, అది వేరే సంగతి.

నల్లగొండ జీటీ:

అందరికీ కృతజ్ఞతలు. మిర్యాలగూడ అన్నగారు చెప్పినట్టే నిన్న క్లాక్ టవర్ దగ్గర తెలిసిన షెడ్డులో పరీక్ష చేయించాను. 2500 దగ్గర గేజ్ నాలుగున్నర పీఎస్ఐ చూపించింది. కెమెరా పంపి చూస్తే దిమ్మ ముఖం మీద ఒక మూల నల్లగా కరిగి, తాటిబెల్లం ముద్దలా మెరుస్తున్నది. దాదాపు మూడో వంతు గదులు మూసుకుపోయాయి. స్కానర్ పెడితే మూడో సిలిండర్‌లో మిస్ ఫైర్ (పెట్రోలు సరిగా కాలకుండా పోవడం) లెక్క పేరుకుపోయి ఉన్నది. వర్షంలో ఐడిల్‌లో బండి కొంచెం వణికేది, ఏసీ వల్ల అనుకుని పట్టించుకోలేదు. చెక్ లైటు ఎందుకు రాలేదని అడిగితే, పాత యజమాని మ్యాప్‌లో ఆ కోడ్‌లు ముందే మూసేసి ఉన్నాయని తేలింది. అంటే నాకు ఇప్పుడు చేస్తానన్న పనిలో సగం ఇంతకుముందే చేసి పెట్టారు!

హైదరాబాదు ట్యూనర్‌కు వద్దని చెప్పాను. స్టేజ్ 2 ఆలోచన మానేశాను. కంపెనీ క్యాట్ కొత్తది ధర విని గుండె ఆగినంత పనయింది కాని, అమ్మను కూర్చోబెట్టుకునే బండి కనుక దానికే ఆర్డరు పెడుతున్నాను. టపటప శబ్దం తీయించి, కోడ్‌లు మళ్లీ తెరిపించి, మామూలు స్టేజ్ 1 మాత్రమే ఉంచుకోవాలనుకుంటున్నాను. మ్యాప్ ఉండటం కూడా వకీలు గారికి నచ్చకపోవచ్చు. ఎండకాలంలో మధ్యాహ్నం పూట పికప్ తగ్గుతున్నది, దానికి కూడా క్యాటే కారణమా అన్నది ఇంకా మిగిలిన అనుమానం.

మిర్యాలగూడ షెడ్డు:

మధ్యాహ్నపు సంగతికి క్యాట్‌తో సంబంధం తక్కువ. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు దాటితే టర్బో మింగే గాలే వేడిగా ఉంటుంది, పెట్రోలు అదుపు తప్పి పేలి ఇంజను కొట్టుకోకుండా కంప్యూటర్ స్పార్కును వెనక్కి లాగుతుంది. మీ ఇంజనులో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే నీటితో చల్లబడే రకం. ఆ నీటికి వేరే చిన్న రేడియేటర్, వేరే పంపు ఉంటాయి. ముందు భాగంలో రేడియేటర్ల మధ్య మన రోడ్ల దుమ్ము, పొట్టు పేరుకుపోతుంది. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ఒడ్ల మీద నుంచి పోయే బండ్లకు మరీ ఎక్కువ. వాటిని విప్పి శుభ్రం చేయించండి, పంపు తిరుగుతున్నదో లేదో చూడండి. 18 వేలలో పదో వంతు కూడా కాదు.

కొత్త క్యాట్ బిగించే ముందు మూడో సిలిండర్‌కు స్పార్కు ఇచ్చే కాయిల్, అన్ని స్పార్క్ ప్లగ్గులు మార్చండి. మ్యాప్ కూడా క్యాట్ కన్నా ముందే సరిచేయించండి. వరుస తప్పితే కొత్త దిమ్మ కూడా అదే దారిలో పోతుంది. పాతది విప్పినప్పుడు ముక్కలేమైనా వెనుక సైలెన్సర్‌లో పడ్డాయేమో పైపును కొట్టి వినండి. గ్యాస్కెట్ కొత్తది వేయండి. మామూలు సిలికాన్ సీలెంటు పూయనివ్వకండి, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను చంపుతుంది. పాత క్యాట్‌ను మాత్రం ఇంటికి తెచ్చుకోండి. కరిగినది సిరామిక్ దిమ్మ ముఖమే. పూతలోని లోహం చాలావరకు అందులోనే ఉంటుంది, కొత్తదాని ధరలో కొంతైనా తిరిగి వస్తుంది.